బాత్రూం తలుపు దగ్గర కూడా టేపు పట్టండి

సంపాదకుడు గారికి,

ఇందిరమ్మ ఇళ్ల డబ్బు దశలవారీగా లబ్ధిదారు ఖాతాలో పడుతోంది. బేస్‌మెంట్ పూర్తయ్యాక ఫొటో గృహనిర్మాణ శాఖ యాప్‌లోకి ఎక్కితే లక్ష రూపాయలు, ఆ తర్వాత గోడలు, స్లాబు, ముగింపు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600 దాటకుండా ఉందా, వంటగది, మరుగుదొడ్డి ఉన్నాయా అని చూస్తున్నారు. మంచిదే. ఆ మరుగుదొడ్డిలోకి ఇంట్లోని ముసలాయన నడిచి, లేదా చక్రాల కుర్చీలో, పోగలడా అన్నది మాత్రం ఎవరూ కొలవడం లేదు. గోడల దశలో ఇంజినీరు ఫొటో తీసేటప్పుడే ఆ కొలతలు కూడా తీయాలని ఈ లేఖ.

మొదటిది ద్వారబంధం. మన మేస్త్రులు బాత్రూంకు అలవాటుగా రెండున్నర అడుగుల బంధం నిలబెడతారు. అది బయటి కొలత. రెండు పక్కల చెక్క పోగా మిగిలేది 25 అంగుళాలు, తలుపు మందం ఇంకో అంగుళం తింటుంది. మామూలు చక్రాల కుర్చీ వెడల్పే 25, 26 అంగుళాలు. చక్రం తిప్పే చేతి వేళ్లకు చోటు వేరే కావాలి. దివ్యాంగులకు అనువైన కట్టడాల ప్రమాణాల ప్రకారం నికరంగా 900 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే మూడున్నర అడుగుల బంధం. చిన్న ఇంట్లో అంత కుదరకపోతే కనీసం మూడడుగులు పెట్టినా 29, 30 అంగుళాలు దక్కుతాయి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే ఒళ్లు తలుపుకే అడ్డం పడుతుంది, లోపలికి తెరుచుకునే తలుపును అప్పుడు తోయలేం. ఇప్పటికే కట్టేసిన ఇళ్లలో కూడా బందులు మార్చి తలుపును తిప్పి బిగించవచ్చు, వడ్రంగికి ఒక పూట పని.

రెండోది గడప. నీళ్లు హాల్లోకి వస్తాయన్న భయంతో బాత్రూం నేలను రెండంగుళాలు దించుతారు, పైగా గడప కడతారు. కాలు ఈడ్చుకుంటూ నడిచేవారికి ఈ రెండంగుళాలు చాలు, బోర్లా పడటానికి. నీటిని ఆపవలసింది గడప కాదు, వాలు. నీళ్లు పోయే జాలీని తలుపుకు దూరంగా ఉన్న మూలలో పెట్టి, అయిదడుగులకు అంగుళం చొప్పున నేల వాలిస్తే, తలుపు దగ్గర అర అంగుళం తేడా సరిపోతుంది. అక్కడ అంచు చెక్కిన గ్రానైటు పట్టీ వేయాలి. సింహద్వారం గడపకు పసుపూ కుంకుమా ఉన్నాయి, దాన్ని ముట్టుకోవద్దంటే అర్థం ఉంది. బాత్రూం గడపకు ఎవరూ పూజ చేయరు కదా!

స్నానానికి ఒక గది, మరుగుకు ఒక గది అని విడివిడిగా కట్టడం ఊళ్లలో అలవాటు. రెండూ ఇరుకే. మధ్య గోడ తీసేసి ఒకటే 5 × 7 అడుగుల గదిగా కడితే ఒక గోడ, ఒక తలుపు ఖర్చు కలిసొస్తుంది, పట్టుకుని నడిపించే మనిషికీ లోపల చోటుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది పట్టుకునే కడ్డీ దగ్గర. తువ్వాలు కడ్డీని పట్టుకుని లేస్తే అది ఊడి చేతిలోకి వస్తుంది. అసలైన కడ్డీ కొన్నా, టైలుకు రంధ్రం చేసి ప్లాస్టిక్ గిట్టీ కొట్టి స్క్రూ బిగిస్తే అది పట్టుకునేది టైలును, ప్లాస్టరింగును మాత్రమే. మనిషి బరువంతా ఒక్కసారి పడితే టైలుతో సహా వస్తుంది. రబ్బరు వాక్యూంతో అంటుకునేవి గరుకు టైలు మీద నిలవనే నిలవవు. మందు గోడలోనే ఉంది. కమోడు పక్క గోడ కట్టేటప్పుడు, పూర్తయిన నేల నుంచి 25 అంగుళాల ఎత్తు దగ్గర ఇటుకలు ఆపి, ఆరంగుళాల కాంక్రీటు పట్టీ పోయాలి. నాలుగున్నర అంగుళాల గోడలో అయిదడుగుల పొడవుకు పావు బస్తా సిమెంటు కూడా పట్టదు. తర్వాత 28 అంగుళాల ఎత్తున స్టీలు యాంకర్ బోల్టులతో కడ్డీ బిగిస్తే కదలదు. టైల్స్ వేశాక పట్టీ కనబడదు కాబట్టి టేపు పెట్టి ఫొటో తీసుకోవాలి. కడ్డీ లావు అంగుళంన్నర దాటకూడదు, దాటితే పిడికిలి మూయదు. గోడకూ కడ్డీకీ మధ్య రెండంగుళాల లోపే ఖాళీ ఉండాలి, ఎక్కువుంటే జారినప్పుడు చెయ్యి అందులో ఇరుక్కుంటుంది.

కమోడు సీటు 15, 16 అంగుళాలకు బదులు 18 ఉంటే మోకాళ్లకు సుఖం, అడుగున కాంక్రీటు దిమ్మె వేస్తే సరి. నేల బేసిన్ మీద పెట్టే కమోడు స్టూలు కొనేవారు కాళ్లకు రబ్బరు బుష్‌లు ఉన్నాయో లేదో చూడాలి, అవి అరిగితే వెంటనే మార్చాలి.

ఇంటి ముందు ర్యాంపు సంగతి వేరు. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు కావాలి. రోడ్డు పోసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుందని బేస్‌మెంట్ రెండు, మూడడుగులు లేపుతున్నాం. మూడడుగులకు 36 అడుగుల ర్యాంపు, మధ్యలో మలుపు. ఆ స్థలం ఎవరికుంది? అందుకే ఆరడుగుల్లో నిట్టనిలువుగా ఒకటి పోసి ఊరుకుంటున్నారు. అది బండి ఎక్కించుకోవడానికే, కుర్చీని దాని మీద దింపితే వెనకాల పట్టుకున్న మనిషినీ లాక్కుపోతుంది. దానికంటే అయిదంగుళాల ఎత్తు, అడుగు వెడల్పున్న మెట్లు, రెండు వైపులా పట్టుకునే పైపు మేలు. చక్రాల కుర్చీ తప్పనిసరైన ఇంటికి మాత్రం బేస్‌మెంట్ ఎత్తు నిర్ణయించే ముందే ఇంజినీరు ర్యాంపు పొడవు లెక్క చెప్పాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సొంతిళ్ల కంటే సంస్థల భవనాల గురించే ఎక్కువ మాట్లాడుతుంది. కానీ 2024 నవంబరులో దివ్యాంగులకు అందుబాటు కోరిన రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, ఆ ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి నిబంధనలు కావాలని తేల్చింది. ప్రభుత్వ సొమ్ముతో కట్టే ఇంటికి ఆ మాట వర్తింపజేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. గృహనిర్మాణ శాఖ యాప్‌లో గోడల దశ ఫొటోల పక్కన ఇంకో రెండు ఫొటోలు అడిగితే చాలు: టేపుతో కలిపి బాత్రూం ద్వారబంధం, టేపుతో కలిపి కాంక్రీటు పట్టీ. నేల మట్టం, వాలు ముగింపు బిల్లుకు ముందు చూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఖమ్మం