రెంటచింతల ఎండ, జీరో డబ్ల్యూ ట్వెంటీ ఆయిలు

ఒరేయ్ శీనూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో అడిగినదానికి "మాన్యువల్లో ఏముంటే అదే పోయించు" అని ఒక్క ముక్కలో తేల్చేశానని నీకు కోపమొచ్చినట్టుంది. "కారు కొన్నది నేను, టెన్షన్ నాది, నీకేం" అన్నావు. అప్పటికే కంచం ముందు కూర్చుని ఉన్నానురా, మా ఆవిడ కళ్ళతోనే ఫోన్ పెట్టెయ్యమంటోంది. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, షాపులో బేరాలు లేనప్పుడు చదువుకో.

నీ గొడవ నాకు అర్థమైంది. నీ కొత్త కారు మాన్యువల్లో ఇంజన్ ఆయిల్ 0డబ్ల్యూ-20 అని ఉంది. మీ ఊరి మెకానిక్ ఏమో "అది నీళ్ళు సార్, మంచు కురిసే దేశాల వాళ్ళది, మన పల్నాడు ఎండలకి ఇంజను పట్టేస్తుంది, 20డబ్ల్యూ-50 పోద్దాం" అన్నాడు. పక్కనే రెంటచింతల, ప్రతి ఏడాదీ ఎండల వార్తల్లో ఉండే ఊరు, కాబట్టి నీకూ అది నిజమే అనిపించింది. డబ్బా కూడా కొనేశావు. సీలు తియ్యలేదు కదా? తియ్యకు.

ముందు నా భాగోతం విను. నా మొదటి కారుకి ఫ్రీ సర్వీసులు అయిపోయాక డబ్బులు మిగుల్చుదామని మా వీధి చివర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. మే నెల. మాన్యువల్లో 5డబ్ల్యూ-30 ఉంది, ఆయన అచ్చం మీ వాడిలాగే చెప్పి 20డబ్ల్యూ-50 పోశాడు. చిక్కగా ఉంటేనే పాలు మంచివి అనుకునే బుద్ధి కదా మనది, నేనూ సంతోషంగా తలూపాను. వారం తిరక్కుండానే పొద్దున్న స్టార్ట్ చేస్తే నాలుగైదు సెకన్లు టకటకమని చప్పుడు, తర్వాత మామూలే. పికప్ మొద్దుబారింది, ఏసీ లోడు అనుకున్నాను. నెల తిరిగేసరికి ఇంజన్ లైటు వెలిగింది. కంప్యూటర్ పెట్టి చూసినాయన వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో సర్దే వాల్వ్ టైమింగ్ ఆలస్యంగా కదులుతోందన్నాడు, పార్టు మార్చాలని ఓ పెద్ద అంకె చెప్పాడు. అక్కడే ఓ పెద్దాయన, అప్పటిదాకా టీ తాగుతూ కూర్చున్నాడు, వచ్చి ఆయిల్ కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్, బయటికి లాగి చుక్క ఆయిల్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వేళ్ళు విడదీసి చూసి, "ఏ ఆయిల్ పోయించారు?" అని అడిగాడు. చెప్పాను. నవ్వలేదు, తిట్టలేదు. ఆయిల్ దించేసి, ఫిల్టరు మార్చి, మాన్యువల్లో ఉన్నదే పోశాడు. మర్నాడు పొద్దున చప్పుడు లేదు. లైటు మళ్ళీ వెలగలేదు.

ఆ దెబ్బతో ఈ అంకెల సంగతేంటో పట్టుకుని చదివాను. డబ్ల్యూ అంటే వెయిటు అనుకుంటారు చాలామంది, కాదు, వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత బిగుసుకోకుండా ఉంటుందో చెబుతుంది. 0డబ్ల్యూ అయితే మైనస్ 35 డిగ్రీల దగ్గర పరీక్ష, 20డబ్ల్యూ అయితే మైనస్ 15 దగ్గర. లంబసింగిలో కూడా అంత చలి లేదు, కాబట్టి నిజం చెప్పాలంటే 0కీ 5కీ ఉన్న తేడా నీకు పెద్దగా తెలియదు. నీకు పనికొచ్చేది వెనకున్న అంకె. ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు ఎంత చిక్కగా ఉంటుందో అది చెబుతుంది. సెంటీస్టోక్ అనే కొలతలో 20 గ్రేడుకి 6.9 నుంచి 9.3 దాకా, 50 గ్రేడుకి 16.3 నుంచి 21.9 దాకా. అంటే మీ మెకానిక్ పోద్దామంటున్నది ఇంజను వేడెక్కాక కూడా రెండింతలు చిక్కగా ఉండే సరుకు.

ఇప్పుడు అసలు విషయం. మన ఎండ ఆయిల్‌కి ఎండే కాదు.

మీ ఇంట్లో పూరీలు చేసేటప్పుడు చూడు. బాండీలో పోసినప్పుడు నూనె బద్ధకంగా జారుతుంది, కాగాక నీళ్ళలా పరిగెడుతుంది. ఇంజన్ ఆయిలూ అంతే. రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీలుంటే మనకి ప్రాణం పోతుంది, కానీ ఇంజన్ ఆయిల్ పని చేసేది 90, 100, గట్టిగా తొక్కితే ఇంకా పై వేడిలో. దానికి మన ఎండాకాలం చలికాలం కిందే లెక్క. మామూలు 0డబ్ల్యూ-20 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర దాదాపు 45 సెంటీస్టోకులు ఉంటుంది, 100కి వచ్చేసరికి సుమారు 8. అదే 20డబ్ల్యూ-50 అయితే 40 డిగ్రీల దగ్గర 160 దాకా ఉంటుంది. అంటే "నీళ్ళు" అంటున్న ఆ పల్చటి ఆయిలే, నువ్వు ఎండలో పెట్టిన కారు స్టార్ట్ చేసే క్షణంలో కావలసినదానికంటే ఐదారింతలు చిక్కగా ఉంది! ఇంకా చిక్కనిది పోస్తే ఏమవుతుంది? చల్లారిన పాయసం గరిటెలోంచి దిగినట్టు దిగుతుంది, ఆ కాసేపూ పైనున్న భాగాలు ఆయిల్ కోసం ఎదురుచూస్తుంటాయి. నేను విన్న టకటక అదే.

బయట 25 ఉన్నా 45 ఉన్నా ఇంజన్ వేడెక్కాక థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాను కలిసి దాన్ని ఇంచుమించు ఒకే వేడి దగ్గర పట్టి ఉంచుతాయి. అవి సరిగ్గా పనిచెయ్యకపోతే అది వేరే జబ్బు, చిక్కటి ఆయిల్ దానికి మందు కాదు.

మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు కదా, డాలస్ దగ్గర. అక్కడా వేసవిలో 40 దాటుతుంది. వాడిది 2018 కామ్రీ, రెండున్నర లీటర్ల ఇంజను, ఆయిల్ మూత మీదే 0డబ్ల్యూ-16 అని ఉంటుంది. నీదాని కంటే పల్చన! పెట్రోలు మన రెండు ఊళ్ళూ కలిపి తాగినంత తాగుతూ తిరుగుతున్నాడు, ఇంజను పట్టలేదు.

మీ మెకానిక్‌ని తిట్టుకోకు మరి. ఆయన చెయ్యి అంబాసిడర్ల మీదా, పాత జీపుల మీదా ఆరితేరింది. వాటిల్లో బేరింగుల సందులు వదులుగా ఉండేవి, చిక్కటి ఆయిల్ ఉంటేనే ప్రెషర్ నిలిచేది. నీ కారులో ఆ సందులు వెంట్రుక మందం కంటే తక్కువ. పైగా ఇప్పటి ఇంజన్లో ఆయిల్ పని జారుడు ఒక్కటే కాదురా. వాల్వ్ టైమింగ్ మార్చేది ఆయిల్ ప్రెషరే, టైమింగ్ చైన్‌ని బిగించి పట్టేది అదే, పిస్టన్ల అడుగున చిమ్మి చల్లబరిచేది అదే, టర్బో లోపల లక్షకి పైగా ఆర్‌పీఎమ్‌తో తిరిగే ఇరుసుకి ఆసరా కూడా అదే. ఏ చిక్కదనానికి అవన్నీ కొలిచి చేశారో అదే ఉండాలి.

ఆయన అనుమానంలో కొంత నిజం కూడా ఉంది, అది దాచను. కంపెనీలు పల్చటి ఆయిల్ చెప్పేది మైలేజీ కోసం కూడా. పంపు తోసేటప్పుడు పడే శ్రమ తగ్గితే పెట్రోలు కాస్త మిగులుతుంది, ప్రభుత్వాల మైలేజీ లెక్కలకీ పనికొస్తుంది. అదే ఇంజన్‌కి ఒక దేశం మాన్యువల్లో 0డబ్ల్యూ-20 ఒక్కటే రాసి, వేరే దేశంలో 5డబ్ల్యూ-30 కూడా పర్వాలేదని రాయడం మామూలే. అందుకే నీ మాన్యువల్లో ఆయిల్ పేజీ మొత్తం చదువు, పైన ఉన్న ఒక్క లైను కాదు. ఉష్ణోగ్రతల పట్టీ ఉండి అందులో 5డబ్ల్యూ-30 కూడా ఇచ్చి ఉంటే, నువ్వు ఐదుగురిని ఎక్కించుకుని డిక్కీ నిండా సామానుతో ఎండల్లో తిరుపతి ఘాట్ ఎక్కే రకం కాబట్టి, నేనైతే నీకు అదే చెబుతా. ఒక మెట్టు. మూడు మెట్లు కాదు. పట్టీలో లేకపోతే 0డబ్ల్యూ-20, అంతే. వారంటీ ఉన్నన్నాళ్ళు దాని జోలికి అసలు పోవద్దు.

బాగా అరిగిపోయి ఆయిల్ తాగుతున్న ఇంజను కథ వేరు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పాత బండికి ఒక గ్రేడు పెంచి కొన్నాళ్ళు నెట్టుకురావడం నేనూ చూశాను. నీది పట్టుమని పదివేలు తిరగలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మెకానిక్కులు దీని గురించి మాట్లాడనే మాట్లాడరు. గ్రేడు ఒక్కటే చూస్తే సరిపోదు, డబ్బా వెనక ఏపీఐ ఎస్పీ అని ఉందో లేదో చూడు. 2020లో వచ్చిన ప్రమాణం అది. నీ కారులో ఉన్నలాంటి చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎమ్ మీద గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ పడకముందే మందు పేలినట్టు మిశ్రమం అంటుకుంటుంది, ముదిరితే పిస్టనే పగులుతుంది. ఆయిల్లో కలిపే కాల్షియం రసాయనాలకీ దానికీ సంబంధం ఉందని తేలాక ఆయిళ్ళ తయారీ మార్చారు. టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా ఎస్పీలో ఉంది. నువ్వు కొన్న డబ్బా మీద ఏముందో చూసి చెప్పు, ఎస్ఎల్ లాంటి పాత ప్రమాణం అయితే గ్రేడు కుదిరినా నేను వద్దనేవాణ్ణి. ఫుల్లీ సింథటిక్ అని పెద్ద బంగారు అక్షరాలతో రాస్తారు చూడు, అది గ్రేడూ కాదు, ప్రమాణమూ కాదు. దాన్ని చూసి కొనకు.

మీ తమ్ముడి బండి బీఎస్6 డీజిల్ కదా, వాడికీ చెప్పు. దానికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, ఆయిల్ కాలితే మిగిలే బూడిద అందులో పేరుకుంటుంది, దాన్ని కాల్చి శుభ్రం చెయ్యడం కుదరదు. అందుకే తక్కువ బూడిద ఇచ్చే ఆయిల్, ఏసీఈఏ సీ3 అనే యూరప్ ప్రమాణం లాంటిది ఏదో ఒకటి మాన్యువల్లో ఉంటుంది. ట్రాక్టరుకి తెచ్చిన డబ్బాలోంచి కాస్త వంపేస్తే సరి అనుకునే మనిషి వాడు, నాకు తెలుసు.

నీ వాడకం గురించి ఒక బెంగ ఉంది నాకు. ఇంటి నుంచి షాపుకి మూడు కిలోమీటర్లు, మళ్ళీ వెనక్కి. ఆ దూరంలో ఆయిల్ సరిగ్గా వేడెక్కనే వేడెక్కదు. సిలిండర్లో కాలని పెట్రోలు కొంచెం కొంచెంగా కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది, ఆవిరైపోవాలంటే వేడి కావాలి, ఆ వేడి నువ్వు ఇవ్వవు. ఆయిల్ పల్చబడేది అలా, ఎండ వల్ల కాదు. కాబట్టి నాలుగు వేల కిలోమీటర్లే అయింది కదా అని రెండేళ్ళు లాగకు, ఏడాదికోసారి మార్చు. వారానికోసారి నరసరావుపేట దాకానో గుంటూరు దాకానో తీసుకెళ్ళు, మా చెల్లెమ్మ కూడా సంతోషిస్తుంది.

డిప్‌స్టిక్ ఎలా చూడాలో తెలుసు కదా? చదునైన చోట ఆపి, పది నిమిషాలాగి, తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలిదాకా పెట్టి తియ్యి. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. పై గుర్తు దాటించి పోయించకు, "కాస్త ఎక్కువుంటే మంచిది సార్" అంటారు, మంచిది కాదు. లెవెల్ తగ్గకపోగా పైకి ఎక్కుతోందనిపించినా, పెట్రోలు వాసన కొట్టినా వెంటనే ఫోన్ చెయ్.

ఆ 20డబ్ల్యూ-50 డబ్బా బిల్లు ఉంటే షాపులో తిరిగి ఇచ్చెయ్. తీసుకోకపోతే మీ మామయ్య పాత బుల్లెట్లో పోద్దామని నీకు ఐడియా వస్తుంది, రాకుండా ఉండదు. డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే క్లచ్ ఆయిల్లోనే తిరిగే బైకుల ప్రమాణం, ఉంటేనే పొయ్యి. లేకపోతే క్లచ్ జారొచ్చు, ఆయన నన్ను తిడతాడు.

ఆయిల్ మూత ఫోటో, మాన్యువల్లో ఆ పేజీ ఫోటో రెండూ ఈ రాత్రికి పంపు. ఆదివారం లోపు సర్వీసుకి ఇవ్వకు.

నీ
సత్తి