ఎం.ఏ. ఎకనామిక్స్‌కు కోడింగ్ ల్యాబ్ ఏదీ?

సంపాదకుడు గారికి,

మన దగ్గర ఎం.ఏ. ఎకనామిక్స్ చాలాచోట్ల ఇంకా బోర్డు, సుద్దముక్కతోనే సాగుతోంది. పీహెచ్‌డీలో చేరాక గానీ ప్రోగ్రామింగ్ అవసరం తెలిసిరాదు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనలేమని చేతులెత్తేయక్కర్లేదు. దాని కోడ్ చాలావరకు ఆక్టేవ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. ఆక్టేవ్‌తో పాటు ఆర్, పైథాన్, జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలు అన్నీ ఉచితమే.

ఎక్సెల్ చాలదా అనే పెద్దలకు ఒక సంగతి. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని 2010లో ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ రాశారు. ప్రభుత్వ ఖర్చు తగ్గించే పొదుపు విధానాలు కోరే నాయకులకు అది ఆయుధమైంది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే అమెరికా విద్యార్థి వారి ఎక్సెల్ షీటు తిరగేస్తే, సగటు ఫార్ములాలో ఐదు దేశాల వరసలు కలవనేలేదు! వదిలేసిన ఏళ్లు, లెక్కగట్టిన తీరు కూడా సరిచేస్తే వచ్చింది 2.2 శాతం. కోడ్‌లోనూ తప్పులు దొర్లుతాయి, కాదనను. కానీ ప్రతి అడుగూ వరుసగా రాసి ఉంటుంది కాబట్టి మరొకరు చదివి పట్టుకోగలరు.

రెండో సెమిస్టర్‌లోనే ల్యాబ్ పేపరు పెట్టండి. కేంద్రం ఉచితంగా ఇస్తున్న కార్మిక సర్వే డేటాతోనే ప్రాక్టికల్స్ చేయించవచ్చు. ముందు అధ్యాపకులకు శిక్షణ ఇవ్వాలి, మాతో సహా.

- ఒక ఎకనామిక్స్ లెక్చరర్, వరంగల్