ఎరుపు, నీలం పట్టీ

హనుమకొండ

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలలో ఒకటిన్నర పేజీ మీ అల్లుడి సీనియారిటీ గొడవకే సరిపోయింది, అమ్మాయి, మనవరాలు ఎలా ఉన్నారో చివరి నాలుగు పంక్తులలో ఇరికించావు. అందుకు నిన్ను తప్పుపట్టను. పోలీసు కార్యాలయాలలో సీనియారిటీ సెక్షను ఫైళ్లు ముప్పై ఏళ్లు మోసినవాడిని కనుక, ఆ ఫైలు ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే అన్నం దగ్గర కూడా మరో మాట వినబడదని నాకు బాగా తెలుసు.

తనతోపాటు అకాడమీలో ఒకే గదిలో పడుకున్నవాడు డీఎస్పీ అయ్యాడని, తాను ఇన్‌స్పెక్టరుగానే ఉండి అతనికి సెల్యూట్ కొట్టవలసి వస్తున్నదని మీ అల్లుడు కుమిలిపోతున్నాడని రాశావు, దీనిమీద అతను కోర్టుకు వెళితే లాభం ఉంటుందా అని అడిగావు. తక్కిన శాఖలలో జూనియర్ ముందుకు పోతే జీతంలో కొంత తేడా, కుర్చీలో కొంత తేడా, అంతే. ఇక్కడ ఆ తేడా భుజం మీద కనబడుతుంది. ఇన్‌స్పెక్టరుకూ మూడు నక్షత్రాలే, డీఎస్పీకీ మూడు నక్షత్రాలే. ఇన్‌స్పెక్టరు నక్షత్రాల కింద ఎరుపు, నీలం పట్టీ ఉంటుంది, డీఎస్పీకి ఉండదు. జానెడైనా లేని ఆ పట్టీ ఊడడం కోసం మనుషులు హైకోర్టు మెట్లు పదేళ్లు ఎక్కి దిగడం నేను కళ్లారా చూశాను.

ఒకే బ్యాచ్ వాళ్ల మధ్య ఇంత దూరం ఎలా వచ్చిందని అడిగావు. దాని వేరు 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులలో ఉంది. 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ తర్వాత రాజ్యాంగంలో స్థానికుల ఉద్యోగ అవకాశాల కోసం 371-డి అధికరణం, దాని కింద ఈ ఉత్తర్వులు వచ్చి ఉమ్మడి రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విడదీశాయి. మన వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ ఐదో జోన్‌లోకి, హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాలు, నిజామాబాద్, మహబూబ్‌నగర్, నల్లగొండ ఆరో జోన్‌లోకి వెళ్లాయి. ఆ ఉత్తర్వుల లెక్కలో కానిస్టేబుల్ జిల్లా మనిషి, ఎస్సై, ఇన్‌స్పెక్టరు జోన్ మనుషులు, డీఎస్పీ రాష్ట్రం మొత్తానికీ చెందినవాడు. చిక్కు ఎక్కడుందో ఇప్పుడు చూడు. ఒకేరోజు ఎస్సైలుగా చేరిన ఇద్దరిలో ఒకడి జోన్‌లో ఇన్‌స్పెక్టరు ఖాళీలు త్వరగా వచ్చాయి, ఇంకొకడి జోన్‌లో రాలేదు. కొన్నేళ్ల తేడాతో ఇద్దరూ ఇన్‌స్పెక్టర్లయ్యారు. డీఎస్పీ పదోన్నతికి అన్ని జోన్ల ఇన్‌స్పెక్టర్లనూ కలిపి ఒకే జాబితా వేసేటప్పుడు లెక్కకు వచ్చేది ఎస్సైగా చేరిన తేదీ కాదు, ఇన్‌స్పెక్టరు అయిన తేదీ. ఖాళీలు లేకపోవడం ఎవరి తప్పూ కాదు, కానీ దాని ఫలితాన్ని ఒక్కడే అనుభవిస్తాడు. మీ అల్లుడిది సరిగ్గా ఈ కథే.

హైదరాబాద్ నగర పోలీసుది మరో దారి. ఆ ఉత్తర్వులలోని 14(ఎఫ్) పేరా నగర పోలీసు ఉద్యోగాలను స్థానిక రిజర్వేషన్ల పరిధి నుంచి తప్పించింది. 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు నగరాన్ని పోలీసు నియామకాలకు, ఏ ప్రాంతం వారైనా రాగల ఫ్రీ జోన్‌గా చెప్పినప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో నీకు గుర్తుండే ఉంటుంది. అదే నెల 21న సిద్దిపేటలో జరిగిన ఉద్యోగ గర్జన సభ ఆ తీర్పు మీదనే, నవంబరు 29న తెలంగాణ కోసం కేసీఆర్ మొదలుపెట్టిన నిరాహార దీక్షకు దారి అక్కడే పడింది. చివరికి 2012లో ఆ పేరాను తొలగించారు. పోలీసు ఉద్యోగాల గురించిన ఒక పేరా ఒక రాష్ట్రం పుట్టుక దాకా వెళ్లిందంటే బయటివాళ్లు నమ్మరు.

ప్రమోటీలకూ డైరెక్ట్ రిక్రూటీలకూ మధ్య తగవు గురించి కూడా అడిగావు. గ్రూప్-1 రాసి నేరుగా డీఎస్పీగా వచ్చిన ఇరవై ఆరేళ్ల కుర్రవాడూ, ఎస్సై నుంచి పాతికేళ్లు నలిగి డీఎస్పీ అయిన యాభై ఏళ్ల మనిషీ ఒకే జాబితాలో కలిసినప్పుడు ఎవరు ముందు అన్నది ప్రతి రాష్ట్రంలోనూ ఉన్న ప్రశ్నే. దీనిమీద ఈ మధ్య అందరూ ఉదహరించే తీర్పు మణిపూర్ పోలీసులదే. అక్కడ ప్రమోటీలు 2007 మార్చి 1న నియమితులయ్యారు, డైరెక్ట్ వాళ్లు అదే ఏడు ఆగస్టులోనూ నవంబరులోనూ వచ్చారు. మా ఖాళీలు అంతకుముందు సంవత్సరాలవి కనుక మేమే ముందు అని డైరెక్ట్ వాళ్ల వాదన. 2012లో ఆదాయపు పన్ను ఇన్‌స్పెక్టర్ల కేసులో సుప్రీంకోర్టు దాదాపు అదే మాట అన్నది కూడా. కానీ 2019 నవంబరులో ఈ మణిపూర్ కేసులోనే, అంటే మేఘచంద్ర సింగ్ కేసులో, ఆ పాత తీర్పు సరికాదని చెప్పి, ఉద్యోగంలోకి ఇంకా రానివాడికి ఆ కాలానికి సీనియారిటీ ఇవ్వడం కుదరదన్నది. 2022లో మరో ధర్మాసనం ఈ ప్రశ్ననే విస్తృత ధర్మాసనానికి పంపింది. అందువల్ల, ఏదో ఒక తీర్పు కాగితం చేతిలో పెట్టి కేసు గెలిచినట్లే అని చెప్పే న్యాయవాదిని మీ అల్లుడు నమ్మవద్దని నా మాటగా చెప్పు. నా అభిప్రాయం అడిగితే, ఉద్యోగంలో చేరిన తేదీయే న్యాయమైన కొలత. అయితే ప్రభుత్వం నియామక ప్రకటనను ఏళ్ల తరబడి నాన్చి, ఆ నష్టాన్ని డైరెక్ట్ కుర్రవాళ్ల నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడమే ఈ తగవులు తెగకపోవడానికి కారణం.

ఇవికాక యాక్సిలరేటెడ్ ప్రమోషన్ల సంగతి ఉంది. నక్సలైట్ల వ్యవహారాలలో ప్రాణాలకు తెగించి పనిచేసినవారికి వరుస తప్పించి పదోన్నతులు ఇచ్చారు. అడవిలో తూటాలకు ఎదురెళ్లినవాడికి గుర్తింపు ఇవ్వవద్దని ఎవడూ అనడు. ఆ గుర్తింపు పతకంగా ఉన్నంతకాలం అందరూ చప్పట్లు కొట్టారు, సీనియారిటీ జాబితాలోకి ఎక్కగానే స్టేషన్లలో కూర్చొని దొంగతనాల కేసులు తేల్చినవాళ్లు మేమేం పాపం చేశామన్నారు. దాని గురించి రాస్తే మరో ఉత్తరం అవుతుంది, వదిలేస్తున్నాను.

ఇక నీకు ఇంతవరకూ చెప్పని ఒక సంగతి చెప్పాలి. 2003లో గోదావరి పుష్కరాలప్పుడు మా దగ్గర కొందరు ఎస్సైలకు ఇన్‌స్పెక్టరు పదోన్నతి ఉత్తర్వులు వచ్చాయి. వాళ్లలో ఒకాయన ధర్మపురి ఘాట్ దగ్గర బందోబస్తులో ఉన్నాడు. పుష్కరాలు ముగిసేదాకా రిలీవ్ చేయలేదు. పదోన్నతికి ఎంపికైనవారి వరుస జాబితాను ప్యానెల్ అంటారు. ఆయనకన్నా ప్యానెల్‌లో కింద ఉన్న ఇద్దరు ముందే చేరిపోయారు. ఆ తర్వాత తయారైన జాబితాలో చేరిన తేదీల ప్రకారం పేర్లు పేర్చి, ఆయనను ఇద్దరి కిందకూ దించేశారు. ఒకే ప్యానెల్ నుంచి వచ్చినవారి మధ్య వరుస ప్యానెల్ ప్రకారం ఉండాలే తప్ప ఎవరు ముందు చేరారన్న లెక్కన కాదన్నది సెక్షనులో కొత్తగా చేరిన గుమాస్తాకు కూడా తెలియవలసిన విషయం. ఆ జాబితాను సరిచూసి సంతకానికి పెట్టింది నేనే. తాత్కాలిక జాబితా అభ్యంతరాల కోసం స్టేషన్లకు వెళ్లింది, ఆయన అది చూడనే లేదు. చూసేసరికి అది తుది జాబితా అయి, దాని మీద డీఎస్పీ ప్యానెల్ కూడా కదిలింది. తప్పు దిద్దడానికి ఆరేళ్లు పట్టింది. నోషనల్ తేదీ, అంటే కాగితం మీద వెనక్కి జరిపిన పదోన్నతి తేదీ, ఇచ్చారు, కానీ అప్పటికి ఆయన రిటైర్మెంటుకు నాలుగు నెలలే మిగిలింది. ఆ ఉత్తర్వు ప్రతి తీసుకోవడానికి వచ్చినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు, టీ తాగి వెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే నీ అసలు ప్రశ్నకు నేను సూటిగా జవాబు చెప్పగలను. జోన్ల మధ్య తేడా మీద మీ అల్లుడు ఒక్కడే కోర్టుకు వెళితే లాభం తక్కువ, అది అతని ఒక్కడి సమస్య కాదు, చాలామంది కలిసి నడపవలసిన వ్యవహారం. పైగా 2018 కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు తెలంగాణలో ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు చేశాయి. 2021 డిసెంబరు 317 జీవోతో ఉద్యోగులను ఆ కొత్త జోన్లకు సర్దుబాటు చేశాక పాత జోన్ల లెక్కలు కొత్త వాటిలో కలిసి మరింత చిక్కుపడ్డాయి. కానీ అతని జోన్ లోపల వరుస సరిగా ఉందా లేదా అన్నది వేరే సంగతి, అది అతను ఒక్కడే తేల్చుకోగలడు. ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1న మొదలవుతుంది కనుక ఏ ఏడాది ప్యానెల్‌లో తన పేరు ఉండవలసిందో, నిజానికి ఏ ఏడాదిలో వేశారో మొదట చూసుకోవాలి. మధ్యలో ఏదైనా ఇంక్రిమెంటు ఆపిన శిక్ష ఉండి, తర్వాత అది రద్దయి ఉంటే, ఆ రద్దు ఉత్తర్వు సర్వీసు రిజిస్టరులో ఎక్కిందో లేదో వెతకాలి. సగం అన్యాయాలు అక్కడే దాక్కుంటాయి. సర్వీసు నిబంధనలలోని పదో రూలు కింద తాత్కాలికంగా ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కవేసుకొని ఆశ పెంచుకోవద్దని కూడా చెప్పు. ఆ కాలం మామూలుగా సీనియారిటీకి రాదు.

వచ్చే తాత్కాలిక జాబితా ఎప్పుడు వచ్చినా గడువు లోపల రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకుంటే ఎవరూ లెక్కచేయరు.

దసరాకు మీరంతా ఇటు వస్తారన్నావు కదా. అల్లుడిని సర్వీసు రిజిస్టరు జిరాక్సు, అతని బ్యాచ్ ఇన్‌స్పెక్టరు ప్యానెల్ ఉత్తర్వుల ప్రతులు వెంట తెమ్మను. నా కళ్లజోడు నంబరు మారింది కానీ పేర్ల వరుస ఎక్కడ తప్పిందో పట్టుకునే చూపు ఇంకా పోలేదు. మీ చెల్లెలు నీకోసం సకినాలు చేస్తానంటోంది.

ఇట్లు,
నీ మిత్రుడు