నిండిన చెరువులకు కావలి ఎవరు? నీటిపారుదల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర నీటిపారుదల శాఖ మంత్రి గారికి, కల్వకుర్తి ప్రాంతపు చెరువు ఆయకట్టు రైతు ఒకరు నమస్కరించి వ్రాయునది.

పాలమూరు, నల్లగొండ జిల్లాలను ప్రభుత్వాలు ఎన్నడూ కరువు జిల్లాలుగానే చూశాయి. ఏడాది పొడవునా కలిపి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడితే సంతోషించే నేల కనుక ఆ చూపులో తప్పు పట్టవలసినది లేదు. అయితే దానివల్ల, వరద అనేది కృష్ణా, తుంగభద్ర ఒడ్డున ఉన్నవారికి వచ్చే కష్టమనే భావన అధికారులలోనూ మాలోనూ పాతుకుపోయింది. 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, అలంపూర్, రాజోలి నీట మునిగిన నాటి భయం ఇందుకు మరింత బలమిచ్చింది. నదుల మీద గేట్లున్నాయి, కొలమానాలున్నాయి, రాత్రంతా మేలుకొని ఉండే ఇంజనీర్లున్నారు. ఊరి చెరువు దగ్గర ఎవరున్నారన్నదే మా ప్రశ్న.

2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వాన ఈ ప్రశ్నను మా ముంగిట్లోకి తెచ్చింది. డిండి వాగు పొంగి హైదరాబాద్–శ్రీశైలం రహదారిపై రాకపోకలు నిలిచాయి. దేవరకొండ వైపు ఒక గిరిజన గురుకులాన్ని నీరు చుట్టుముడితే పిల్లలను బయటికి తీసుకురావలసి వచ్చింది. అది స్వాతి కార్తె. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అని, సెప్టెంబర్ దాటితే వాన మీద ఆశ వదులుకోమన్న పెద్దల లెక్క ప్రకారం అప్పటికి చెరువులో నీరు తగ్గుతూ ఉండాలి, చేలలో పత్తి ఏరుతూ ఉండాలి.

తగ్గకపోవడానికి ఒక కారణం మనం కోరి తెచ్చుకున్న మేలే. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీటితో, నల్లగొండ వైపు మాధవరెడ్డి ప్రాజెక్టు నీటితో నేడు వందలాది చెరువులు నిండుతున్నాయి. పూర్వం ఇవే చెరువులు సగం ఖాళీగా ఉండి, ఆలస్యంగా వచ్చే పెద్ద వానను కడుపులో పెట్టుకునేవి. ఇప్పుడు ఆ వాన వచ్చేసరికి కృష్ణా నీరు అలుగు (నిండిన చెరువు నుంచి మిగులు నీరు పొర్లిపోయే కట్టడం) అంచున నిలిచి ఉంటుంది. చదరపు కిలోమీటరు నేల మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే లక్ష ఘనపు మీటర్ల నీరు. అందులో ఇంకిపోగా మిగిలినదంతా అలుగు మీదుగానే పోవాలి. పోలేనప్పుడు కట్ట తెగుతుంది. మనవి ఒకదాని మిగులు నీరు మరొకదానికి చేరే గొలుసుకట్టు చెరువులు కనుక, పై చెరువుకు పడిన గండి కింది చెరువుకు మరొక వరదై చేరుతుంది.

అలుగుల పొడవు చాలుతుందా అన్న సంగతి మీ శాఖ ఇంజనీర్లకు మాకంటే బాగా తెలుసు. హైదరాబాద్ రాజ్యపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరిట వాడుకలో ఉన్న, చెరువుకు ఎంత వరద రాగలదో అంచనా వేసే సూత్రం పరీవాహక ప్రాంతపు విస్తీర్ణాన్నీ, ఒక స్థిరాంకాన్నీ ఆధారం చేసుకుంటుంది. (ఆయన జయంతి అయిన జూలై 11ను రాష్ట్రం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకోవడం మాకు గర్వకారణం.) గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు, చెలకలుగా ఉన్న పరీవాహక నేల వెంచర్లుగా, సిమెంటు రోడ్లుగా మారితే నీరు ఇంకక ఒక్కసారిగా ఉరికివస్తుంది. కనుక ఆ స్థిరాంకం ఈనాటికీ సరిపోతుందా అన్నది, కనీసం ఒక్కొక్క గొలుసులో తలచెరువుకైనా, తిరిగి లెక్కించి చూడవలసిన విషయం. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీకి వెయ్యికి పైగా వాతావరణ కేంద్రాలు ఉన్నందున వాన లెక్కలకు కొరత లేదు.

ఇక కావలి సంగతి. ఒకప్పుడు ప్రతి చెరువుకూ నీరటి ఉండేవాడు. తూము (పొలాలకు నీరు వదిలే ద్వారం) ఎత్తడం, దించడం, వానరాత్రి కట్ట మీద నడిచి బుంగ పడిందేమో చూడడం, ఊటలో తేట నీరు వస్తున్నదా బురద నీరు వస్తున్నదా గమనించి ఊరిని లేపడం అతని పని. కాలక్రమంలో నీరట్లు గ్రామ రెవెన్యూ సహాయకులలో కలిసిపోయారు. 2023లో ఆ సహాయకులను వేరువేరు శాఖలలో సర్దుబాటు చేశారు, కొందరు మీ శాఖకే వచ్చారు. ఆ ఉద్యోగులకు న్యాయం జరగడం మంచిదే, కానీ చెరువు మాత్రం ఎవరికీ చెందనిదైపోయింది. కట్ట మీద సర్కారు తుమ్మ పెరుగుతుంది, ఆ వేళ్ల వెంట పందికొక్కులు బొరియలు తీస్తాయి. నీరు చాలదన్న భయంతో రైతులు అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు, చేపలు కొట్టుకుపోకుండా మత్స్యకారులు జాలీలు బిగిస్తారు. కంప, చెత్త ఆ జాలీకి చుట్టుకున్నప్పుడు అలుగు ఉండీ లేనట్టే. ఇందులో ఎవరి నష్టభయమూ అబద్ధం కాదు కనుక, పోలీసు కేసులతో ఇది తీరదు. వరద హెచ్చరిక వచ్చిన రోజున జాలీ తీస్తే పోయే చేపకు పరిహారం ఇస్తామని ముందే చెబితే మత్స్య సహకార సంఘాలే ముందుకు వస్తాయని నా నమ్మకం.

మేము ముఖ్యంగా కోరేది ఇది. ఎత్తిపోతల నీరు అందే చెరువులను సెప్టెంబర్ నెలాఖరు నుంచి స్వాతి కార్తె వెళ్లేవరకు అలుగుకు రెండడుగుల దిగువనే ఉంచాలి. తుపాను హెచ్చరిక వచ్చాక తూము ఎత్తితే లాభం తక్కువ, ఎందుకంటే చిన్న తూము నుంచి రెండు రోజులలో పోయే నీరు ఎంతో కాదు, పైగా ఆ నీరు కోతకు వచ్చిన వరి మడులలోనే పడుతుంది. ఇలా ముందే నీటిమట్టం తగ్గించి ఉంచడాన్ని మా రైతులలోనే చాలామంది ఒప్పుకోరని నాకు తెలుసు. తగ్గించిన నీటిని నవంబర్‌లో కాలువ ద్వారా తిరిగి నింపుతామని వ్రాతపూర్వకంగా హామీ ఇస్తేనే వారు నమ్ముతారు; కాలువ నీరు అందని చెరువులకు ఈ నియమం వర్తింపజేయకూడదు.

రెండవది, ప్రతి చెరువుకూ వేతనంతో ఒక మనిషిని, వీలైతే ఆ ఊరివాడినే, నియమించి, పై ఊరి కట్ట ప్రమాదంలో ఉంటే కింది ఊరికి నేరుగా ఫోన్ చేసి డప్పు చాటింపు వేయించే అధికారం అతనికి ఇవ్వాలి. పై అధికారి అనుమతి కోసం అర్ధరాత్రి ఎదురుచూసే పద్ధతి ఉండకూడదు. వాగుల మీది లో లెవల్ వంతెనల దగ్గర రాకపోకలు ఆపే బాధ్యతనూ అతనికి, పంచాయతీకి కలిపి అప్పగించవచ్చు. 2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గర రైల్వే వంతెన కింది నీటిలో పిల్లలున్న బడి బస్సు చిక్కుకున్నప్పుడు స్థానికులే వారిని బయటికి తీశారు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకు విపత్తు ప్రణాళిక ఉండాలి, దానిని ఏటా సమీక్షించాలి. గొలుసుకట్టు చెరువుల వరుసను, ఏ చెరువు తెగితే ఏ వాడ మునుగుతుందో, అక్కడి జనం, పశువులు ఏ మెరకకు చేరాలో చూపే పటాన్ని ఆ ప్రణాళికలో చేర్చి గ్రామసభలలో చదివించవలసిందిగా కలెక్టర్లను మీరు కోరగలరు.

మృగశిర కార్తెకు ముందుగా నీటిమట్టం గురించిన ఉత్తర్వు వెలువరించి, కావలి మనిషి పేరు, ఫోన్ నంబరుతో సహా దాని ప్రతిని ప్రతి పంచాయతీ కార్యాలయపు గోడ మీద అతికించేలా ఆదేశించ ప్రార్థన.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
కల్వకుర్తి ప్రాంతం, నాగర్‌కర్నూల్ జిల్లా