‘ఖాతా ఇవ్వం’ అన్న మాట కాగితం మీద రాసివ్వమనండి: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం.

ఇది నేను పెట్టుకుంటున్న నాలుగో అర్జీ. మొదటిది బ్రాంచి మేనేజర్ గారికి, రెండోది జిల్లాలోని బ్యాంకులన్నిటి పనినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్ గారికి ఇచ్చాను. మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో రెండు గంటలు లైన్లో నిలబడి ఇచ్చాను. మూడింటికీ ముద్ర వేసిన రసీదులు నా దగ్గర ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే నాలుగోది నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను.

మా అమ్మ ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆకును దొర్లించడమే ఆమె జీవితం. ఆ వేళ్ళ మీద ఇప్పుడు గీతలు లేవు. చింతగింజల్లా నున్నగా మెరుస్తుంటాయి. నాన్న ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఒకటే పాస్‌బుక్, అదీ నాన్న పేరు మీదే. ఆయన పోయాక వితంతు పింఛన్‌కి దరఖాస్తు పెడదామని వెళ్తే అమ్మ పేరు మీద బ్యాంకు ఖాతా కావాలన్నారు. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

కౌంటర్ మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఒక నల్ల మెషిన్ ఉంది. అమ్మ వేలు పెట్టింది. పడలేదు. “గట్టిగా నొక్కమ్మా” అన్నారు. నొక్కింది. “అంత గట్టిగా కాదు” అన్నారు. కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. కుడి చెయ్యి అయిపోయింది, ఎడమ చెయ్యి అయిపోయింది, పది వేళ్ళూ అయిపోయాయి. వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటున్నారు. అమ్మ తన చేతులు తనే తిప్పి చూసుకుని, పరీక్ష తప్పిన పిల్లలా నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. “ఆధార్ సెంటర్‌కి వెళ్ళి వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకుని రండి” అని మమ్మల్ని పంపేశారు.

ఆధార్ సెంటర్‌కి వెళ్ళాం. అక్కడా అదే వేళ్ళు, అలాంటిదే మెషిన్. ముద్రలు పడటం లేదన్నారు. మళ్ళీ బ్యాంకుకి వచ్చాం. సర్వర్ డౌన్ అన్నారు. ఇంకోసారి వెళ్తే ఖాతాలు తెరిచే ఆవిడ లీవులో ఉన్నారు, ఇంకెవరూ చూడరన్నారు. మరోసారి అమ్మ ఓటరు కార్డు తీసుకెళ్ళాను. “ఇది ఇప్పుడు ఎవరు తీసుకుంటున్నారమ్మా, ఆధార్ వేలిముద్ర పడాల్సిందే” అన్నారు. ఇలా ఒకే బ్రాంచికి ఏడుసార్లు తిరిగాం. వెళ్ళిన ప్రతిసారీ నాకూ అమ్మకూ ఒకరోజు కూలి పోయింది.

ఎనిమిదోసారి ఎవరో చెబితే పక్క మండలంలోని ఇంకో బ్రాంచికి వెళ్ళాం. అక్కడి ఆఫీసర్ గారు అమ్మ చేతులు చూశారు. ఓటరు కార్డు అడిగి తీసుకున్నారు. పాన్ లేదంటే ఫారం 60 ఇచ్చి నింపించారు. అమ్మ వేలిముద్ర ఇంకుతో కాగితం మీద వేయించి, సాక్షి సంతకం పెట్టించారు. గంట కూడా పట్టలేదు. సాయంత్రానికి పాస్‌బుక్ చేతికొచ్చింది.

మంత్రి గారూ, గంటలో అయ్యే పనికి మా అమ్మను ఏడు నెలలు తిప్పారు. ఖాతా నంబరు లేక పింఛన్ దరఖాస్తు అన్నాళ్ళూ కదల్లేదు. ఆ ఏడు నెలలూ మందులు అప్పు మీదే తెచ్చాను.

ఆ తర్వాత నేను కూర్చుని నిబంధనలు చదివాను. చదివేకొద్దీ కడుపు మండింది. గాయం వల్లనో, జబ్బు వల్లనో, వయసు వల్లనో, ఇంకే కారణం వల్లనో ఆధార్ వేలిముద్ర పడకపోతే ఏం చేయాలో రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనల్లో, అంటే ఖాతాదారు ఎవరో గుర్తించే నిబంధనల్లో, స్పష్టంగా ఉంది. వేలిముద్ర లేకుండానే ఆధార్‌ను ఆఫ్‌లైన్‌లో వెరిఫై చేయాలి, లేదంటే మరో గుర్తింపు పత్రం నకలు తీసుకోవాలి. ఆ పత్రాలేవో కూడా రాసే ఉంది: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టర్ లేఖ. అంటే ఎవరూ తీసుకోవడం లేదన్న ఓటరు కార్డు మొదటి రోజు నుంచీ చెల్లుతుంది. ఖాతాకి ఆధార్ లింకు తప్పనిసరి చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న కొట్టేసింది. ప్రభుత్వ పథకాల డబ్బు కోసం ఆధార్ అడగడం వేరే సంగతి, అది నాకూ తెలుసు. ఆ డబ్బుకే అనుకున్నా, వేలిముద్ర పడని మనిషికి దారి చూపించమనే కదా ఆ నిబంధన రాసింది!

మా అమ్మ ఒక్కదాని సంగతే అయితే నేను ఇంతదూరం వచ్చేదాన్ని కాదు. అమ్మకి ఖాతా వచ్చిందని తెలిశాక మా వాడకట్టులో వాళ్ళంతా కాగితాలు పట్టుకుని మా గుమ్మంలోకి రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరిదీ ఒక్కో పరిస్థితి. బ్యాంకులో అందరికీ దొరికిన జవాబు మాత్రం ఒకటే: ఇది కుదరదు, రేపు రండి.

కొత్తగా పెళ్ళైన అమ్మాయికి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది, రేషన్ కార్డులో అత్తింటిది ఉంది. పేర్లు కలవడం లేదని తిప్పి పంపారు. పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జత చేస్తే పాత పేరున్న కార్డు చెల్లుతుందని నిబంధనల్లోనే ఉంది. ఇంకో ఇంట్లో తల్లీదండ్రీ లేని పన్నెండేళ్ళ పిల్లాడు నానమ్మ దగ్గర పెరుగుతున్నాడు. “తండ్రిని తీసుకురా” అన్నారట వాడిని! పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా తెరిచి నడుపుకునే వీలు రిజర్వ్ బ్యాంకు 2014లోనే ఇచ్చింది, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ చెప్పింది. ఆ మాట నేను చెబితే, పెద్దవాళ్ళు లేకుండా రిస్కు తీసుకోలేం అన్నారు. ఉన్న ఊరొదిలి వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న మేస్త్రీని అద్దె అగ్రిమెంటు తెమ్మన్నారు. ఏ ఇంటి ఓనరు రాసిస్తాడండీ? ఆధార్‌తో మెషిన్ మీద ఈకేవైసీ చేయించుకున్న మనిషి ఇప్పటి చిరునామా వేరే అయితే తనే రాసి, సంతకం పెట్టి ఇస్తే చాలని ఉంది కదా.

కళ్ళు కనబడని ఒక అన్న ఉన్నాడు. ఖాతా అయితే ఇస్తాం కానీ ఏటీఎం కార్డు, చెక్‌బుక్ ఇవ్వం అన్నారు. చూపు లేనివాళ్ళకి ఏ సౌకర్యమూ కాదనకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే ఆదేశించింది. ఒక ట్రాన్స్‌జెండర్ అక్క ఫారంలో ఏ గడిలో టిక్ పెట్టాలో అడిగితే కౌంటర్ వెనక నవ్వుకున్నారట. దరఖాస్తుల్లో మూడో గడి ఉండాలని చెప్పి 2015 నుంచీ ఎన్నేళ్ళైంది! ఆ అక్క మళ్ళీ బ్యాంకు గడప తొక్కనంటోంది. ఎంత చెప్పినా రావడం లేదు.

వీళ్ళందరికంటే నాకు నిద్రపట్టనివ్వని మనిషి ఇంకొకరు ఉన్నారు. భర్త కొడుతుంటే తట్టుకోలేక ఒక రాత్రి కట్టుబట్టలతో బయటికి వచ్చేసింది. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు అన్నీ ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. తెచ్చుకోవడానికి వెళ్తే మళ్ళీ ప్రాణం మీదకొస్తుంది. ఇళ్ళల్లో పనిచేసి సంపాదించుకుంటోంది. ఆ డబ్బు పాలిథిన్ కవర్లో చుట్టి జాకెట్లో పెట్టుకుని తిరుగుతోంది, పడుకున్నప్పుడు కూడా తియ్యదు. ఇలాంటివాళ్ళ కోసమే చట్టంలో చిన్న ఖాతా ఉంది. ఏ పత్రమూ అక్కర్లేదు. ఫొటో తెచ్చుకుని, బ్యాంకు అధికారి ఎదురుగా సంతకమో వేలిముద్రో వేస్తే ఖాతా తెరవాలి. అందులో ఎప్పుడైనా 50 వేలకు మించి ఉండకూడదు, నెలకు 10 వేలకు మించి తీయకూడదు, ఏడాదిలో లక్షకు మించి జమ కాకూడదు. 12 నెలలు నడుస్తుంది. ఈలోగా ఏదో ఒక గుర్తింపు కార్డుకి దరఖాస్తు చేసినట్టు చూపిస్తే ఇంకో 12 నెలలు పొడిగిస్తారు. ఆమెకి అంతకంటే ఏం కావాలి?

నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. చిన్న ఖాతా అంటే కౌంటర్లో ఉన్నాయన కంప్యూటర్ వైపు ఒకసారి చూసి, “అలాంటి అకౌంట్ మా సిస్టమ్‌లో లేదు” అన్నారు. నిబంధన ప్రింటు తీసుకెళ్ళి చూపించాను. చదవలేదు. పక్కన పెట్టారు. “మీరు ఆమెకి ఏమవుతారు?” అని నన్నడిగారు. ఆమె అప్పటికే లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ ఉత్తరం రాసే రోజుకి ఆమెకి ఖాతా లేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరే చేస్తున్నారు, కేవైసీలో తప్పు దొర్లితే తన ఉద్యోగానికే ముప్పని టెన్షన్ పడుతున్నారు, అది కళ్ళకు కనబడుతూనే ఉంది. ఖాతా తెరిస్తే రేపు ఏమైనా జరిగితే తను జవాబు చెప్పాలి. తెరవకపోతే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. నష్టమంతా ఇక్కడే ఉంది మంత్రి గారూ.

ఇది మా ఊరి సంగతి ఒక్కటే కాదు. యాసిడ్ దాడిలో ముఖమూ కళ్ళూ దెబ్బతిన్నవాళ్ళని వీడియో కేవైసీలో రెప్ప ఆర్పి చూపించమన్నారు. ఆర్పలేని రెప్పల్ని ఎలా ఆర్పుతారు? ఖాతా కోసం వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చి, కేవైసీ అందరికీ అందేలా మార్చమంది. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు కూడా నిబంధన మార్చింది. ఆలోచించకుండా ఏ కేవైసీ దరఖాస్తునూ తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే కారణం అధికారి నమోదు చేయాలి అంది. చాలా సంతోషం. కానీ ఆ కారణం ఎక్కడ నమోదవుతోంది? మా దరఖాస్తునే చేతిలోకి తీసుకోవడం లేదు. తీసుకోని దరఖాస్తుకి తిరస్కరణ ఎక్కడుంటుంది? “రేపు రండి” అన్న మాట ఏ రిజిస్టర్లో రాస్తారు?

బ్యాంకుల మీద ఫిర్యాదులు వినడానికి రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. ముందు బ్యాంకుకి ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు ఆగి, తర్వాత వెళ్ళాలి. మా అమ్మలాంటి మనిషి ఆ ఫిర్యాదులో ఏమని రాయించాలి? ఎవరు కాదన్నారో పేరు తెలియదు, ఎందుకు కాదన్నారో కాగితం లేదు. నోటితో అన్న మాటకి సాక్ష్యం ఏముంది?

అందుకే చేతులెత్తి అడుగుతున్నాను. ఖాతా ఇవ్వకపోతే ఇవ్వం అని ఒక చీటీ రాసివ్వమనండి. తేదీ, ఏ నిబంధన ప్రకారం కుదరదో ఆ కారణం, కింద అధికారి సంతకం. తెలుగులో రాయమనండి, మాకు అర్థమయ్యేలా. రాసివ్వాల్సి వస్తే రాసే ముందు ఎవరైనా ఒకసారి నిబంధన తెరిచి చూస్తారు. చూస్తే సగం మందికి అక్కడికక్కడే ఖాతా దొరుకుతుందని నా నమ్మకం, ఆ పక్క మండలం ఆఫీసర్ గారు చూశారు కాబట్టి మా అమ్మకు దొరికింది.

ఖాతా ఫారాలు ఇంగ్లిష్, హిందీతో పాటు స్థానిక భాషలో కూడా ఉండాలన్నది మీ వాళ్ళ నియమమే. మా బ్రాంచిలో తెలుగు ఫారం నేను చూడలేదు. చిన్న ఖాతా ఉందని, వేలిముద్ర పడకపోయినా దారి ఉందని గోడ మీద ఒక్క కాగితం అంటించమనండి. లోన్ల పోస్టర్ల పక్కన చోటుంది. ఇంటికొచ్చి ఖాతా ఇచ్చే ఏర్పాటు కూడా చేయించండి. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకీ, వికలాంగులకీ ఇంటి దగ్గరే బ్యాంకు సేవలు అందించమని రిజర్వ్ బ్యాంకు 2017లో చెప్పింది, మంచం పట్టిన మా పక్కింటి పెద్దాయన గురించి అడిగితే మనుషులు లేరంటున్నారు.

ఇవన్నీ ఒకేసారి కావని తెలుసు. కనీసం ఆ చీటీ ఒక్కటి ఇప్పించండి. వచ్చే మంగళవారం, కట్టుబట్టలతో ఇల్లొదిలి వచ్చిన ఆమెని తీసుకుని మళ్ళీ అదే బ్రాంచికి వెళ్తున్నాను. రెండు ఫొటోలు దిగింది. డబ్బు ఇంకా ఆ పాలిథిన్ కవర్లోనే ఉంది. ఈసారి ఖాతా అన్నా ఇవ్వమనండి, ఎందుకు ఇవ్వరో కాగితం అన్నా ఇవ్వమనండి.

ఇట్లు,
ఒక బీడీ కార్మికురాలి కూతురు