కోట కట్టే పిల్లలకు ముందు గోడ చూపించండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో గేమ్ డిజైన్, యానిమేషన్ నేర్పే సంస్థలకు ఇప్పుడు కొదవ లేదు. అలాంటి ఒకచోట నేను త్రీడీ మోడలింగ్ చెబుతున్నాను. చివరి ప్రాజెక్టుకు ఏం చేస్తారని అడిగితే చాలామంది పిల్లలు యూరప్ మధ్యయుగపు కోట అంటారు. రాత్రుళ్లు నిద్ర మానుకుని మరీ చేస్తారు. మార్కులు మాత్రం పొగమంచుకు, లైటింగ్‌కు, ఎగిరే జెండాలకు పడుతున్నాయి. గోడ మందం ఎంత పెట్టావని అడిగే జడ్జి కనబడడం లేదు. నా బాధంతా అదే.

లండన్ కోట నడుమ ఉన్న పాత రాతి కట్టడం వైట్ టవర్. దాని గోడ అడుగున దాదాపు 15 అడుగుల మందం ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ 11 అడుగుల దాకా తగ్గుతుంది. పిల్లల మోడళ్లలో కిటికీ దగ్గర చూస్తే కోటగోడ మన అపార్టుమెంటు గోడంతే, 9 అంగుళాలు. ఇక పైన ఎంత ఖరీదైన టెక్స్చర్ (రాయిలా కనబడేందుకు మోడల్ మీద అతికించే బొమ్మ) వేసినా ఏం లాభం? బాణాలు వేసే సందు బయటికి సన్నగా కనిపించినా, లోపలివైపు విలుకాడు అటూ ఇటూ గురిపెట్టేంత వెడల్పు ఉండాలి. పలచటి గోడలో అది కుదరదు. పైగా గోడంతా చెక్కిన రాయి కాదు. బయటా లోపలా రాతివరసలు పేర్చి, నడుమ రాళ్లూ సున్నమూ కూరేవారు. కూలిన మూల చూపించాలంటే ఆ కూరిన రాళ్లే బయటపడాలి గానీ, ఒకే సైజులో కోసిన దిమ్మలు కాదు.

మా నాన్న తాపీ మేస్త్రి. వేల్స్‌లో 13వ శతాబ్దం చివర కట్టిన హార్లెక్ కోట ఫొటో చూపిస్తే, గోడ మీది కన్నాల వరస చూడగానే "ఇవి పరంజా కర్రలు దూర్చినవిరా" అన్నాడు. ఆయన ఏ కోర్సూ చదవలేదు. ఆ కన్నాలు ఏ మోడల్‌లోనూ నాకు ఇంతవరకు కనబడలేదు.

రంగు సంగతీ అంతే. కోట అనగానే నల్లగా తడిసిన రాయి వేసేస్తారు. 1240లో ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ ఆ వైట్ టవర్‌కు వెల్ల వేయించాడు. మనుషులు కాపురమున్న కోట చేస్తున్నామా, ఇప్పుడు మిగిలిన శిథిలం చేస్తున్నామా అన్నది ముందే తేల్చుకోవాలి.

కొండపల్లి మనకు ఎంతో దూరం లేదు. రెడ్డిరాజుల నాటి ఆ రాతిగోడ పక్కన నిలబడి టేపు పట్టి కొలిస్తే, బరువున్న కట్టడం ఎలా ఉంటుందో పిల్లలకు అర్థమవుతుంది. ఆ రాయిని తెచ్చి వేల్స్ కోటకు అతికించమని కాదు, చూసే కన్ను అలవడాలని. నేను అడిగితే మా యాజమాన్యం ఖర్చు దండగ అంది. ఫ్రాన్స్‌లోని గెదెలాన్‌లో 1997 నుంచి పాత పనిముట్లతోనే, 13వ శతాబ్దపు పద్ధతిలో కోట కడుతున్నారు. ఆ పని ఫొటోలైనా క్లాసులో చూపించవచ్చు కదా!

ప్రాజెక్టులకు మార్కులు వేసే పెద్దలకు నా మనవి ఒక్కటే. రెండర్ (మోడల్ నుంచి కంప్యూటర్ తీసే చివరి బొమ్మ) చూసే ముందు కోట ప్లాన్, గోడను నిలువునా కోసి చూపే సెక్షన్ అడగండి. పురావస్తు శాఖవారు కొండపల్లి కోట కొలతల డ్రాయింగులు విద్యార్థులకు ఉచితంగా అందుబాటులో ఉంచితే ఇంకా మేలు.

- ఒక త్రీడీ మోడలింగ్ శిక్షకుడు,
గవర్నర్‌పేట, విజయవాడ