మా బీరువా మీదున్న నైట్ విజన్ ముక్క ఎక్కడ అప్పజెప్పమంటారు మంత్రి గారూ?

రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నాది కోనసీమ జిల్లా, గౌతమి పాయ పక్కనే ఊరు. రెండెకరాలు కొబ్బరి, కాస్త వరి చేను, నాలుగెకరాల రొయ్యల చెరువు, అదీ మన ఆస్తి. ఊరి పేరు మాత్రం రాయట్లేదు, రాస్తే రేప్పొద్దున్న టీ కొట్టు దగ్గర నా పరువు గోదాట్లో కలిసినట్టే. అర్జీ పెడదాం అనుకున్నా గానీ ఏ ఆఫీసుకి పెట్టాలో తేలక ఇలా అందరూ చూసేలా రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు.

మా బీరువా మీద ఒక అట్టపెట్టె ఉందండి. అందులో నైట్ విజన్ స్కోప్ అటాచ్‌మెంట్ ఉంది, అంటే గన్ను మీద బిగించి చీకట్లో గురి చూసే పరికరం. మా బావమరిది దగ్గర లాక్కున్నా. వాడు ఆన్‌లైన్లో తెప్పించాడు, ఒక మోస్తరు మంచి ఫోను రేటు. ఆర్డర్ పెట్టేటప్పుడు ఎందుకని ఎవడూ అడగలేదు, కొరియర్ కుర్రాడు ఓటీపీ అడిగాడు అంతే.

ఇదేంటో తెలీనోళ్ళ కోసం చెప్తా. ఎయిర్ గన్ను మీద మామూలు పగటి స్కోప్ ఉంటుంది కదా, దాని వెనక మనం కన్ను పెట్టే చోట దీన్ని రింగుతో బిగిస్తారు. చిన్న కెమెరా, చిన్న స్క్రీను, పక్కన ఒక ఇన్‌ఫ్రారెడ్ లైటు. ఆ లైటు మనిషి కంటికి ఆనదు. 850 నానోమీటర్ల రకమైతే ఎదురుగా నించుని చూస్తే సిగరెట్ నిప్పంత ఎర్రగా కనపడుద్ది, 940 రకమైతే అదీ లేదు, కాకపోతే అంత దూరం కొట్టదు. మిలిటరీ వాళ్ళ ట్యూబు రకం వేరు, అది వెన్నెల, చుక్కల వెలుతుర్ని ఎలక్ట్రాన్లుగా మార్చి కొన్ని వేల రెట్లు పెంచి చూపిస్తుంది, దాని రేటు మనకి అందదు. ఈ కెమెరా రకం మాత్రం అందరికీ అందుబాటులోకి వచ్చేసింది. పల్లెటూరు కదా అనుకోకండి, ఈమధ్య మా చుట్టుపక్కలే ఇలాంటివి మూడు చూశా.

చీకట్లో కన్ను గీటితే ఎవరికి తెలుస్తుంది అనేవాళ్ళు మన పెద్దోళ్ళు. ఇందులోంచి చూస్తే అదీ తెలుస్తుందండి.

మా తాతల రోజుల్లో వేట లేదని నేను అనను. అయిదు బ్యాటరీల టార్చి పట్టుకుని సరుగుడు తోటల్లో చెవుల పిల్లుల కోసం, అంటే కుందేళ్ళ కోసం తిరిగినోళ్ళు ఉన్నారు, సంక్రాంతికి కొత్తల్లుడొస్తే పరజ పిట్టలో కౌజు పిట్టలో విస్తట్లో పడకపోతే అలిగిన అల్లుళ్ళూ ఉన్నారు. కానీ టార్చికి ఒక ధర్మం ఉందండి. టార్చి వేస్తే ఆ జంతువుకి తెలుస్తుంది, పక్క చేలో కాపలా ఉన్నోడికి తెలుస్తుంది, రోడ్డు మీద పోయేవాడికి తెలుస్తుంది. ఎవడ్రా అది అని ఒక కేక పడుద్ది. ఇప్పుడు ఆ కేక పడట్లేదు. అమావాస్య రాత్రి గట్టు మీద మనిషి ఉన్నాడన్న సంగతే ఎవరికీ తెలీదు, గన్నుకి కూడా పెద్ద చప్పుడు ఉండదు. నాకున్న బాధంతా ఇదే, వేటగాడు కనపడకుండా పోవటం.

ఇక నా తప్పు చెప్తా. కిందటి ధనుర్మాసంలో, సార్వా కోతలైపోయి చేలో మినుము మొలకలు వచ్చినప్పుడు, మొలకల కోసం చెవుల పిల్లులు వస్తున్నాయి బావా రా చూద్దువు గాని అంటే నేను కూడా పోయా. సరదా అంతే, నా వయసుకి సరదా ఏంటని మా ఆవిడ అడిగింది, ఇప్పటికీ అడుగుతానే ఉంది. రాత్రి పదకొండు దాటాక గట్టు మీద బోర్లా పడుకున్నాం. మంచు పడుతుంటే ఆ ఇన్‌ఫ్రారెడ్ లైటు మంచుకే కొట్టుకుని స్క్రీనంతా పాలు ఒలికినట్టు తెల్లగా అయిపోతుంది, కంపెనీ వీడియోల్లో ఇది మాత్రం చూపించరు. కాసేపటికి మంచు కాస్త విడింది. సరుగుడు చెట్ల మొదట్లో రెండు తెల్ల చుక్కలు. అదిగో చెవుల పిల్లి అన్నాడు వాడు, ఖాయం చేసుకోవటానికి నాకు ఇచ్చాడు, నేను చూసి అవునురా అన్నా. ఆ అవును అన్నది నేనే, వాడు కాదు. వాడు పేల్చాడు.

అంబా అని అరిచింది.

అది మా పక్కింటి బాబాయి గారి దూడ, తాడు తెంపుకుని వచ్చి అక్కడ పడుకుంది. పెల్లెట్టు చెవి మొదట్లో చర్మం కింద దిగింది. పశువుల డాక్టరు గారు వచ్చి తీశారు, మేం డబ్బులు కట్టాం, బాబాయి నాతో ఇప్పటికీ మాట్లాడ్డు. దూడ బానే ఉంది, చెవి మాత్రం కాస్త వాలింది.

పిల్లికి, నక్కకి, పునుగుపిల్లికి, దూడకి కంటి లోపల వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుందండి, పడిన వెలుతురు తిప్పి కొడుతుంది. ఈ స్క్రీన్లో రంగులుండవు, అంతా బూడిద రంగే, కళ్ళు మాత్రం తెల్ల చుక్కలు. గడ్డి అడ్డమొచ్చి ఒళ్ళు కనపడకపోతే ఎంత దూరంలో ఉందో తెలీదు, దూరం తెలీకపోతే సైజు తెలీదు, సైజు తెలీకపోతే ఏ జంతువో ఎలా తెలుస్తుంది? దాని వెనకాల ఎవరున్నారో అసలే తెలీదు. మా వైపు రాత్రుళ్ళు పీతల కోసం తిరిగేవాళ్ళుంటారు, చెరువు గట్ల మీద కాపలా కుర్రాళ్ళు దుప్పటి ముసుగేసుకుని పడుకునుంటారు.

రెండ్రోజుల తర్వాత అదే గట్టు మీద మా కాపలా కుర్రాడు ఫోన్లో వీడియో తీసి చూపించాడు. బావురుపిల్లి, వెనకాలే దాని పిల్ల. ఫిషింగ్ క్యాట్ అంటారే, అదే. చూడగానే నాకు చెమటలు పట్టాయి. దూడ కాబట్టి అరిచింది, మాకు తెలిసింది. అదే బావురుపిల్లి పిల్ల అయ్యుంటే అరవకుండా పొదలోకి పోయి అక్కడే చచ్చేది, మేమేమో చెవుల పిల్లి తప్పించుకుపోయింది అనుకుని ఇంటికొచ్చి పడుకునేవాళ్ళం. ఈ ఎయిర్ గన్ను తలకి తగిలితే తప్ప దేన్నీ అక్కడికక్కడ చంపదు, గాయం చేసి వదుల్తుంది, అది ఇంకా పాపం.

బావురుపిల్లులు కోరింగ అభయారణ్యంలోనే ఉంటాయనుకుంటారు చాలామంది. 1978లో పెట్టిన అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంది, 2018లో కెమెరాలు పెట్టి లెక్కేస్తే 115 తేలాయన్నారు. మరి వాటికి బోర్డు చదవటం రాదు కదండీ, మడ అడవిలోంచి పాయ పట్టుకుని మా కాలవల్లోకి, కాలవలోంచి చెరువుల్లోకి వచ్చేస్తాయి, చేపలున్న చోటికి కాకపోతే ఎక్కడికి పోతాయి. నీటికుక్కలూ అంతే. రాత్రి తిరిగే అడవి పిల్లి, నక్క, గుడ్లగూబ చేలో ఎలకల్ని తింటాయి, వాటిని కాల్చేసుకుని తర్వాత ఎలకల మందుకి డబ్బులు తగలేస్తాం.

దూడ గొడవ అయ్యాక చట్టం ఏంటో చదివా. 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 9 వేట వద్దంది, 1991 సవరణతో లైసెన్స్ వేట కూడా పోయింది. మాట తేలిగ్గా చెవుల పిల్లి అంటాం గానీ అది కూడా షెడ్యూల్లో, అంటే ఆ చట్టం కాపాడే జంతువుల జాబితాలో ఉన్న జంతువే. బావురుపిల్లి షెడ్యూల్ 1, దాన్ని చంపితే మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. వేట అంటే చంపటం ఒక్కటే కాదు, చంపటానికి ప్రయత్నించినా వేటే అని అదే చట్టం సెక్షన్ 2లో రాసుంది. ఆ లెక్కన ఈ లేఖ రాస్తున్న నేనూ ముద్దాయినే, తెలిసే రాస్తున్నా.

మరి చట్టం ఇంత గట్టిగా ఉంటే ఈ పెట్టె నా బీరువా మీదకి ఎలా వచ్చిందండీ? గన్నేమో 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం దెబ్బ బలం 20 జౌల్స్ లోపు, గొట్టం బోరు 0.177 అంగుళాలు, దానికి లైసెన్స్ అక్కర్లేదు. స్కోప్ అటాచ్‌మెంట్ ఏమో కెమెరా లెక్క. విడివిడిగా చూస్తే రెండూ పిల్లలాడుకునే వస్తువులే. రెండూ కలిపి బిగించి ధనుర్మాసంలో రాత్రి పదకొండింటికి గట్టెక్కితే అది ఏంటో చెప్పే కాగితం ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

మా అన్నయ్య కొడుకు ఆస్ట్రేలియాలో ఉంటాడు, బాబాయ్ ఇక్కడ కుందేళ్ళని ఇదే పెట్టి కొడతారు అందరూ అన్నాడు. నిజమే. అక్కడ కుందేలు వాళ్ళ దేశపు జంతువే కాదు, 1859లో ఇంగ్లాండు నుంచి తెప్పించి వేట సరదాకి వదిలారు, అవి దేశమంతా పాకి పంటలు నాశనం చేస్తే ఇప్పుడు ఏరుకుంటున్నారు. అది బొరియలు తవ్వే రకం, మన చెవుల పిల్లి బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న గుంట చేసుకుని కూర్చుంటుంది, జాతే వేరు. ఇంగ్లాండులో కుందేళ్ళని కొట్టనిస్తారు గానీ అక్కడ కూడా 1981లో చేసిన వన్యప్రాణి చట్టంలో అడవి పక్షుల మీద, నీటికుక్కలాంటి కొన్ని జంతువుల మీద రాత్రి గురి చూసే పరికరం వాడకూడదని ఆ పరికరం మాటెత్తి మరీ రాశారు. నలభై ఏళ్ళ కిందట వాళ్ళకి తట్టింది మనకి ఇప్పుడన్నా తట్టకూడదా? కేంద్రం చెయ్యాల్సిన పని అంటారేమో, మీరు ఒక లెటర్ రాయండి, మీ లెటర్ చదువుతారు, నాది చదవరు.

అసలు కథ ఇప్పుడు. దీన్ని సర్కారుకి ఇచ్చేద్దామని పెట్టె పట్టుకుని బయల్దేరా. ఒక ఆఫీసులో, పేరెందుకులెండి, ఇది ఆయుధం కాదు కదా మేం ఎలా తీసుకుంటాం అన్నారు. ఇంకో ఆఫీసులో జంతువు గానీ మాంసం గానీ దొరికిందా అన్నారు, లేదండి దూడ ఒకటి ఉంది అన్నా, నవ్వారు. మూడో చోట కొన్న కంపెనీకే రిటర్న్ పెట్టండి అని సలహా. పది రోజుల రిటర్న్ గడువు ఎప్పుడో అయిపోయింది. పోనీ అమ్మేద్దామంటే కొనేవాడు ఎందుకు కొంటాడో నాకు తెలుసు. కాలవలో పారేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు, డబ్బులు పోశారు కదా అని.

అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్ గన్ సరెండర్ అభియాన్ అని పెట్టారండి. ఊళ్ళలో సభ పెట్టి, కేసుల్లేవు, తెచ్చి ఇవ్వండి అంటే జనం వచ్చి వందల గన్నులు వాళ్ళంతట వాళ్ళే ఇచ్చారు. అక్కడ వేట తరతరాల అలవాటు, అలాంటి చోటే ఇచ్చినప్పుడు ఇక్కడ ఇవ్వరా? కోరింగ చుట్టుపక్కల, తాళ్ళరేవు, ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు సంక్రాంతికి ముందు ఒక వారం పెట్టండి చాలు. సంక్రాంతి అయ్యాక పెడితే ఉపయోగం లేదు, అప్పటికి అల్లుళ్ళు తినేసి వెళ్ళిపోతారు.

తీసుకున్నవి గోడౌన్లో పడెయ్యకండి. మీ బీట్ వాళ్ళు రాత్రి డ్యూటీకి టార్చి పట్టుకుని తిరగటం నా కళ్ళతో చూశా, వేటగాడికి వాళ్ళు అర కిలోమీటరు నుంచి కనపడతారు, వాళ్ళకి వేటగాడు కనపడ్డు. గన్ను మీంచి తీసేస్తే ఈ ముక్క ఒట్టి కెమెరానే కదా, వాళ్ళకే ఇవ్వండి. చెరువుల దొంగల కోసం రైతులు నైట్ విజన్ కెమెరాలు పెట్టుకుంటే అందులో తప్పులేదు, వాటి జోలికి పోవద్దు. గన్నుకి బిగించే రింగుతో సహా అమ్మేవాళ్ళని మాత్రం, కొనేవాడి ఆధారు తీసుకోమనండి, మన రాష్ట్రంలో వేట నేరమని ఆ పేజీ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయమనండి. అలాగే రాత్రి చేల గట్ల మీద ఇది బిగించిన గన్నుతో ఎవడైనా దొరికితే దాన్ని వేట ప్రయత్నంగా చూడాలని పోలీసోళ్ళకి, మీవాళ్ళకి కలిపి ఒక సర్క్యులర్ ఇప్పించండి, ఎయిర్ గన్నే కదా అని వదిలెయ్యకుండా.

చెరువుల రైతులకి నీటికాకులు, కొంగలతో నష్టం ఉన్నమాట నిజం, మాకూ ఉంది, చాలామంది గన్ను కొనేది దాని పేరు చెప్పే. పైన కట్టే వలలకి సబ్సిడీ ఇస్తే ఆ సాకు కూడా ఉండదు. దాని గురించి ఇంకోసారి రాస్తా, ఇప్పటికే పెద్దదైపోయింది.

మా బావమరిది గన్ను కూడా ఇచ్చేస్తానన్నాడు, నిజం చెప్పాలంటే దాని స్ప్రింగు ముందుకీ వెనక్కీ కొట్టే దెబ్బకి వాడి పాత స్కోపు నెల్లో పోయింది, ఇదీ ఎన్నాళ్ళో ఉండదని వాడికీ తెలుసు. ఇస్తానన్నాడు కదా, ఆ మాట మీద ఉండగానే తీసుకోండి. పెట్టె, చార్జరు, బిల్లు, బిగించే రింగు, అన్నీ కట్టి ఉంచా. ఏ ఊరు, ఏ ఆఫీసు, ఏ టైముకి రావాలో ఒక్క మాట చెప్పించండి చాలు, బండేసుకుని నేనే వస్తా.

ఇట్లు,
గౌతమి గట్టు మీద రైతు ఒకడు